మైనస్ 40కి నిలిచిన ఆపిల్

పండ్ల ప్రయాణం – 11వ భాగం

1885 జనవరి 1. కెనడా నడిమధ్యన, చెట్టన్నది కనబడని ప్రెయిరీ గడ్డి మైదానంలో, పుట్టి మూడేళ్లయినా నిండని రెజైనా అనే ఊరు. ఆ రోజు అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీలు కిందికి దిగింది. మైనస్ 39 దగ్గరే పాదరసం గడ్డకడుతుంది. అంటే ఆ పూట పాదరసం పోసిన థర్మామీటర్లు చేతులెత్తేసినట్టే. అదే ఏడాది నవంబరు 7న, దేశాన్ని తూర్పు నుంచి పడమరకు కలిపే కెనడియన్ పసిఫిక్ రైలుమార్గానికి చివరి మేకు కొట్టారు. రైలు వచ్చింది కాబట్టి జనం వస్తారు. జనం వస్తే పొలాలు, పొలాల పక్కన ఇళ్లు, ఇళ్ల వెనక పెరళ్లు. చిక్కు వచ్చింది ఆ పెరటి దగ్గరే.

వచ్చినవాళ్లకు ప్రభుత్వం 10 డాలర్ల రుసుముకు 160 ఎకరాలు రాసిచ్చేది. మూడేళ్లు అక్కడే కాపురముండి, కొంత భూమి దున్ని చూపించాలి. అంతే షరతు. ఒంటారియో నుంచి, ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి, తర్వాత ఉక్రెయిన్ నుంచి కుటుంబాలు దిగాయి. వీళ్లంతా ఆపిల్ చెట్టు లేని పెరడు ఎరగనివాళ్లు. శీతాకాలానికి నేలమాళిగలో పండ్లు దాచుకోవడం, ఎండబెట్టుకోవడం, రసం తీసుకోవడం వాళ్లకు వంటింటి పనుల్లో భాగం. ఇక్కడికొచ్చాక ఆపిల్ అంటే ఒంటారియో నుంచి పీపాల్లో రైలెక్కి రావలసిన సరుకైపోయింది. చేతిలో డబ్బుంటే కొనుక్కోవాలి, లేకుంటే లేదు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న అంట్లు నాటినవాళ్లు మరుసటి వసంతంలో నల్లబడిన పుల్లలు పీకి పారేశారు.

ఆ నేలకు పండ్లే తెలియవని కాదు. క్రీ తదితర ఆదివాసి జాతులు తరతరాలుగా సస్కటూన్ పండ్లు, చోక్ చెర్రీలు ఏరుకుని, ఎండిన అడవిదున్న మాంసంతో, కొవ్వుతో కలిపి దంచి నిలవ ఉంచుకునేవి. 1874 నాటి నాలుగో ఒప్పందం, 1876 నాటి ఆరో ఒప్పందం వాళ్ల భూముల్ని వలసదారుల చేతికి మళ్లించాయి. కొత్తవాళ్లు ఆ పండ్లూ తిన్నారు, జామ్ చేసుకున్నారు. అయినా ఆపిల్ కోసం వాళ్ల నాలుక పీకుతూనే ఉంది.

గత సంచికలో సరిహద్దుకు దక్షిణాన, మిన్నెసోటాలో పీటర్ గిడియన్ కథ చెప్పుకున్నాం. ఏళ్ల తరబడి నాటిన చెట్లన్నీ చలికి పోగా, చేతిలో మిగిలిన 8 డాలర్లను కోటు కొనుక్కోకుండా మెయిన్ రాష్ట్రం నుంచి విత్తనాలు, అంట్లు తెప్పించడానికి ఖర్చుపెట్టినవాడు. అందులోంచి వచ్చిన చెట్టుకు 1868లో భార్య పేరు పెట్టాడు: వెల్తీ. ఆ వెల్తీ చాలా గట్టిది. కానీ దాన్నీ ఉత్తరాన మానిటోబా దాటించి సస్కాచివాన్ మైదానాల్లో నాటితే గెలవలేకపోయింది. గిడియన్ అదృష్టం ఆగిపోయిన చోట ఈ భాగం మొదలవుతుంది.

ఈసారి కథానాయకుడు రైతు కాడు, మందుల షాపు యజమాని. పేరు విలియం సాండర్స్. 1836లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో కుటుంబంతో ఒంటారియో వచ్చాడు. అక్కడి లండన్ అనే పట్టణంలో మందులు కలిపి అమ్మేవాడు. మందుల కోసం మొక్కలు, మొక్కల వెంట పురుగులు, పురుగుల వెంట తోటలు – ఒకదాని వెనక ఒకటిగా ఆసక్తులు పెంచుకుంటూ పోయాడు. 1863లో కెనడాలో కీటక శాస్త్ర సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకడు. సొంత పొలంలో ద్రాక్ష, గూస్‌బెర్రీ, కరెంట్ పండ్లను సంకరపరిచేవాడు. పట్టా పుచ్చుకున్న వ్యవసాయ శాస్త్రవేత్త కాడు. అయినా వ్యవసాయానికి ప్రయోగ క్షేత్రాలు కావాలా అని పరిశీలించే పనిని ప్రభుత్వం ఆయనకే అప్పజెప్పింది. ఆయన అమెరికా కేంద్రాలు తిరిగొచ్చి నివేదిక ఇచ్చాడు, 1886లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ క్షేత్రాల మొదటి డైరెక్టరూ ఆయనే. సలహా ఇచ్చినవాడి నెత్తినే పని పెట్టడం ప్రభుత్వాలకు అరుదుగా తట్టే మంచి ఆలోచన.

ఐదు క్షేత్రాలు వెలిశాయి. ప్రధాన కేంద్రం ఒట్టావాలో. నోవాస్కోషియాలో నాపన్, బ్రిటిష్ కొలంబియాలో అగాసిజ్, మైదానాల్లో రెండు: మానిటోబాలోని బ్రాండన్, నేటి సస్కాచివాన్‌లోని ఇండియన్ హెడ్. ఈ చివరి రెండింటిలో సాండర్స్ మనుషులు ఎక్కడెక్కడి ఆపిల్ రకాలో తెచ్చి నాటారు. ఒంటారియోవి, అమెరికావి, చలిదేశమని నమ్మి తెప్పించిన రష్యా రకాలు. 1882లోనే క్విబెక్‌కు చెందిన చార్లెస్ గిబ్, అయోవా ఆచార్యుడు జె.ఎల్. బడ్ కలిసి రష్యా తోటలన్నీ గాలించి వచ్చారు. వోల్గా ఒడ్డున కజాన్ లాంటి చోట్ల కాసే ఆపిళ్లు మనకెందుకు కాయవన్నది వాళ్ల వాదం. తూర్పు కెనడాలో అది కొంతవరకు నెగ్గింది. బ్రాండన్‌లో, ఇండియన్ హెడ్‌లో మాత్రం రష్యా రకాలకూ అదే గతి పట్టింది. ఏటా నాటడం, ఏటా చావు లెక్క రాసుకోవడం.

అసలు చలికి చెట్టెలా చస్తుంది? ఇది తెలిస్తే తప్ప మిగతా కథ అర్థం కాదు. ఆపిల్ చెట్టు కలపలో కొన్ని కణాల్లోని నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. మంచు గింజ ఏర్పడే ఆధారం దొరక్క, మైనస్ 10, మైనస్ 20, మైనస్ 30 వరకూ ద్రవంగానే ఉండిపోతుంది. మైనస్ 40 సమీపించేసరికి ఆ మొండితనం ఒక్కసారిగా కూలుతుంది. నీరు గడ్డకట్టి కణాన్ని లోపలినుంచి చీల్చేస్తుంది. కొమ్మను అడ్డంగా కోస్తే కలప గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. తోటమాలులు దాన్నే ‘నల్లగుండె’ అంటారు. మాగాణి లాంటి చదునైన నేలలో గాలికి అడ్డులేని చోట మైనస్ 40 ప్రతి రెండు మూడేళ్లకోసారి వచ్చిపోయే చుట్టం.

అది ఒక్కటే చావు కాదు. పగళ్లు కురచనవుతున్న సంగతి గ్రహించి ఆగస్టులోనే పెరుగుదల ఆపాలి చెట్టు. సెప్టెంబరులో ఇంకా లేత చిగుళ్లు వేస్తున్న రకం అక్టోబరు చలికే పోతుంది, జనవరి దాకా అక్కరలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకో గండం. పగటి ఎండ, దాన్ని రెట్టింపు చేసే మంచునేల మెరుపు కలిసి మొదలుకు నైరుతి వైపున్న బెరడును వెచ్చబెడతాయి. పొద్దుగూకగానే అదే బెరడు గడ్డకట్టి పగులుతుంది. దక్షిణ అల్బెర్టాలో రాకీ పర్వతాల మీదుగా దిగే చినూక్ గాలి కొన్ని గంటల్లో ఇరవై డిగ్రీలు పెంచి, చెట్టుకు వసంతం వచ్చిందన్న భ్రమ కలిగించి, మర్నాడు మళ్లీ చలిలోకి తోసేస్తుంది. మంచు కప్పని ఏడాది వేళ్లు పోతాయి. మంచు బాగా కురిసిన ఏడాది అది కప్పిన మేర చెట్టు బతికి, పైన ఎండుతుంది. అందుకే ఆ రోజుల్లో మైదానాల్లో మిగిలిన ఆపిల్ ‘చెట్లు’ నిజానికి మోకాలెత్తు పొదలు.

1887లో సాండర్స్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఇంపీరియల్ బొటానికల్ గార్డెన్‌కు రాసి కొన్ని విత్తనాలు తెప్పించాడు. అప్పుడు ఆ తోట డైరెక్టరు ఎడ్వార్డ్ రెగెల్. వచ్చినవి ఆపిల్ విత్తనాలని అనడానికి కొంచెం ధైర్యం కావాలి. సైబీరియాలో బైకాల్ సరస్సు ప్రాంతంలో అడవిగా పెరిగే క్రాబ్ ఆపిల్ అది, శాస్త్రీయంగా మాలస్ బకాటా. పండు రేగుపండు కన్నా చిన్నది, అడ్డంగా ఒక సెంటీమీటరు. నోట్లో వేసుకుంటే పులుపూ వగరూ కలిసి దవడలు బిగుసుకుపోతాయి. కానీ బ్రాండన్‌లో, ఇండియన్ హెడ్‌లో ఆ మొక్కలు కొమ్మ చివర మొగ్గకూడా పోకుండా శీతాకాలం దాటాయి. ఏళ్ల తరబడి దాటుతూనే ఉన్నాయి. (ఇక్కడో హెచ్చరిక. అదే కాలంలో అమెరికా వ్యవసాయ శాఖలోనూ ఒక విలియం సాండర్స్ ఉన్నాడు, ఆయనా రష్యా ఆపిళ్లను తెప్పించాడు, 1870లో. ఇద్దరూ వేరు. పాత పుస్తకాల్లో ఒకరి ఘనత మరొకరి ఖాతాలో పడ్డ సందర్భాలు లేకపోలేదు.)

1894 వసంతంలో ఒట్టావాలో పని మొదలైంది. సైబీరియా క్రాబ్ పూలలోని కేసరాలను చిమటాతో తుంచి, మంచి ఆపిళ్ల పుప్పొడిని అద్ది, గుడ్డసంచులు కట్టారు. తల్లి ఎప్పుడూ సైబీరియాదే, తండ్రులు మాత్రం చాలామంది. బ్రాడ్ గ్రీన్ అనే రష్యా ఆపిల్ పుప్పొడితో కలిపితే వచ్చిందానికి తర్వాత కొలంబియా అని పేరు పెట్టారు. ఓసిమో అనే మరో రష్యా రకంతో కలిపితే ఓస్మాన్. యెల్లో ట్రాన్స్‌పరెంట్‌తో జ్యువెల్. వందలాది పిల్లమొక్కలు లేచాయి. క్రాబ్ రక్తం తొందరపెట్టడం వల్ల 1899కే కొన్ని కాపుకొచ్చాయి. మామూలు ఆపిల్ విత్తనం నుంచి కాయ చూడాలంటే ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు పడుతుంది.

ఫలితం? చలికి నిలవడంలో ఓస్మాన్, కొలంబియా రెండూ తల్లి పోలిక. మైదానాల్లో ఎక్కడ నాటినా బతికాయి. పండు మాత్రం చిన్నదే. తల్లితో పోలిస్తే గొప్ప, తండ్రితో పోలిస్తే దిగదుడుపు. జెల్లీకి పనికొస్తుంది, చేత్తో పట్టుకుని కొరికి తినడానికి కాదు. అయినా పాతిక మైళ్ల దూరంలో పండుచెట్టు లేని ఇంట్లో, సొంత చెట్టు నుంచి కోసిన పులుపు పండుతో చేసిన జెల్లీ సీసా ఎంత విలువైనదో ఆ ఇల్లాలిని అడగాలి.

సాండర్స్ అక్కడితో తృప్తిపడలేదు. 1904లో రెండో మెట్టు ఎక్కాడు. సగం క్రాబ్, సగం ఆపిల్ అయిన ఈ పిల్లల్ని మళ్లీ మంచి ఆపిళ్లతో కలిపాడు. ఇప్పుడు క్రాబ్ పాలు నాలుగోవంతు. కాయ పెరిగింది, వగరు తగ్గింది. అలా ప్రిన్స్ అనే సంకరాన్ని మెకింటాష్‌తో కలిపి తీసిన రోసిల్డా దాన్ని చూసినవాళ్లకు నిజంగానే ఆపిల్‌లా కనిపించింది. కానీ మైదానంలో నాటి చూస్తే ఈ రెండో తరంలో చాలావాటికి చలి పట్టింది. అడుగున మొగ్గలు బతికితే పైన కొమ్మలు పోయేవి. మూడో తరానికి వెళ్తే పండు ఇంకా బాగుంటుంది, చెట్టు ఇంకా బలహీనపడుతుంది. పండు రుచిని పట్టుకుంటే చెట్టు ప్రాణం జారిపోతోంది, ప్రాణాన్ని పట్టుకుంటే రుచి. రాబోయే డెబ్బయ్యేళ్ల ప్రెయిరీ ఆపిల్ చరిత్ర మొత్తం ఈ పీటముడి దగ్గర గుంజులాటే. 1904 నాటికి సాండర్స్‌కు 68 ఏళ్లు. 1911లో ఉద్యోగం విరమించి, 1914లో చనిపోయాడు. తాను కోరుకున్న ఆపిల్‌ను చూడలేదు.

గోధుమ విషయంలో ఆ కుటుంబానికి కాలం కలిసొచ్చింది. 1892లో ఆయన కొడుకు పెర్సీ రెడ్ ఫైఫ్ గోధుమను ‘హార్డ్ రెడ్ కలకత్తా’తో సంకరపరిచాడు. పేరు చెబుతున్నట్టే అది మన దేశం నుంచి వెళ్లిన గోధుమ, తొందరగా పండే గుణం దానిది. మరో కొడుకు చార్లెస్ ఆ సంకరం తాలూకు గింజలు ఒక్కొక్కటే నోట్లో నమిలి, జిగురు సాగే తీరును బట్టి మేలైన వరుసలు ఏరాడు. అదే మార్క్విస్. కెనడా మైదానాలను ప్రపంచపు ధాన్యాగారం చేసిన గోధుమ. ఆ పనికి దాదాపు పదిహేనేళ్లు చాలాయి, ఎందుకంటే గోధుమకు ఏటా ఒక తరం. ఆపిల్‌కు పదేళ్లకొక తరం. తండ్రీకొడుకుల పేర్లలో కొడుకు పేరే ఎక్కువ వినబడడానికి ఇదొక్కటే కారణమంటే అతిశయోక్తి కాదు.

ఇదే దారిలో సరిహద్దుకు అటు నడిచినవాడు నీల్స్ హాన్సెన్. డెన్మార్క్‌లో పుట్టి, అయోవాలో బడ్ దగ్గర చదివి, సౌత్ డకోటాలోని బ్రూకింగ్స్‌లో ఆచార్యుడయ్యాడు. 1897లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున బండ్లమీద, స్లెడ్జిలమీద వందల మైళ్లు సైబీరియా, తుర్కిస్తాన్ తిరిగి విత్తనాలు మోసుకొచ్చాడు. ఆ విత్తనాల్లోంచి వచ్చిన డోల్గో అనే ఎర్రటి కోల క్రాబ్‌ను 1917లో విడుదల చేశాడు. దాని జెల్లీ రంగు చూసి ఇళ్లవాళ్లు మురిసిపోయారు. నేటికీ ఉత్తర మైదానాల్లో అది దొరకని నర్సరీ లేదు. హాన్సెన్ నమ్మకం ఒక్కటే: చలికి చెట్టును అలవాటు చేయడం మన వల్ల కాదు, చలిలో పుట్టిన చెట్టునే వెతికి తేవాలి.

అటు ప్రభుత్వ క్షేత్రాల్లో సంకరాల లెక్కలు సాగుతుండగా ఇటు పొలాల్లో కొందరు మొండి రైతులు తమ దారిన తాము నడిచారు. ప్రెయిరీ ఆపిల్ చరిత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. 1874లో స్కాట్లండ్ నుంచి మానిటోబా వచ్చిన ఎ.పి. స్టీవెన్సన్ మోర్డెన్ ప్రాంతంలో రష్యా రకాలు ఒక్కొక్కటే పరీక్షించి, మానిటోబాలో ఆపిల్ తోట వేయవచ్చని మొట్టమొదట నిరూపించినవాళ్లలో ఒకడయ్యాడు. మానిటోబా ఉద్యాన సంఘం ఇచ్చే స్మారక బంగారు పతకం ఆయన పేరు మీదే ఉంది. 1915లో ప్రభుత్వం పండ్ల పరిశోధనకు కేంద్రం పెట్టినప్పుడు అదే మోర్డెన్‌ను ఎంచుకుంది. తర్వాత ఆ కేంద్రం నుంచి వచ్చిన గుడ్‌లాండ్ రుచిలో పేరు తెచ్చుకుంది. అయితే మానిటోబాలో మోర్డెన్ కాస్త వెచ్చని మూల. పడమటికి వెళ్లేకొద్దీ గుడ్‌లాండ్‌కు గాలి మాటు, మంచి జాగా కావలసి వచ్చేది.

సస్కాచివాన్‌లోని రోస్తెర్న్‌లో సీగర్ వీలర్ ఉండేవాడు. పొట్టివాడని ఇంగ్లండ్ నౌకాదళం చేర్చుకోలేదు. 1885లో వలస వచ్చి, గోధుమలో ప్రపంచ విజేతగా 1911 నుంచి 1918 లోపు ఐదుసార్లు నిలిచాడు. మొదటి బహుమతి తెచ్చింది మార్క్విస్ గోధుమే. న్యూయార్క్ ప్రదర్శనలో వెయ్యి డాలర్ల బంగారం. ఆ కీర్తి ఉన్నా, వీలర్ గోధుమ పొలం పక్కనే గాలికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచి, వాటి చాటున పండ్లతోట వేశాడు. రోస్తెర్న్ 15, రోస్తెర్న్ 18 లాంటి క్రాబ్ రకాలు ఆ ఊరి పేరు మోసినవే. నెవిల్ అనే పల్లెలో అడాల్ఫ్ హేయర్ అనే రైతు విత్తనాలు చల్లి, పిల్లలకు అంకెలు వేసి, చలికి వదిలేశాడు. పన్నెండో అంకె మొక్క మిగిలి కాసింది. అదే హేయర్ 12. పచ్చగా, పులుపుగా, ఆగస్టులో పండి వారం తిరక్కుండానే మెత్తబడే పండు. అందం లేదు, నిలవ లేదు. అయినా ఇంకేదీ పండనిచోట పండేది హేయర్ 12. సాస్ వండుకోవడానికి దాన్ని మించింది లేదని పాత తోటమాలులు ఇప్పటికీ వాదిస్తారు.

ఈ చెట్లన్నిటికీ ఒక నీడ కావలసి వచ్చింది, నీడ అంటే ఎండనుంచి కాదు, గాలినుంచి. 1901లో ఇండియన్ హెడ్‌లో అటవీ నర్సరీ పెట్టి రైతులకు చెట్ల మొక్కలు ఉచితంగా పంచడం మొదలెట్టారు. కరగానా అనే సైబీరియా పొదను వరుసలుగా నాటితే నాలుగైదేళ్లకు గోడలా లేచి, గాలిని ఆపి, దాని చాటున మంచును పోగుచేస్తుంది. ఆ మంచు వేళ్లకు దుప్పటి, వసంతంలో తడి. సైబీరియా గోడ చాటున సైబీరియా రక్తం కలిసిన ఆపిల్. ఈ నర్సరీ వందేళ్లకు పైబడి నడిచి 60 కోట్లకు పైగా మొక్కలు పంచింది. 2013లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని ఖర్చు తగ్గించుకునే పేరుతో వదిలించుకుంది. ఆ నిర్ణయం అన్యాయమనే ఈ రచయిత అభిప్రాయం.

1930ల కరువు మైదానాలను ఎండగట్టింది. వానల్లేవు, మట్టి గాలికి లేచింది, గోధుమ ధర కూలింది. తూర్పు రాష్ట్రాలు సాయంగా రైలుపెట్టెల నిండా సరుకులు పంపాయి. వాటిలో ఉప్పుచేపలు ఉండేవి. వాటిని ఎలా వండాలో తెలియక ప్రెయిరీ ఇల్లాళ్లు తికమకపడిన కథలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. వాటితోపాటు ఆపిళ్లూ వచ్చేవి. ఆ ఆపిళ్ల గురించి మాత్రం ఎవరూ నవ్వరు. పిల్లలు బస్తా విప్పేదాకా ఆగేవారు కాదు.

ఆ దశకంలోనే సస్కాచివాన్‌లోని స్కాట్ ప్రయోగ కేంద్రం ఒక మొక్కను బయటపెట్టింది. బ్లష్డ్ కాల్విల్ అనే రష్యా ఆపిల్ విత్తనం నుంచి లేచింది. తల్లి తెలుసు, తండ్రి పుప్పొడి ఎక్కడిదో తేనెటీగకే తెలుసు. పండు చూస్తే క్రాబ్ వంశం కలిసిందని ఇట్టే అర్థమవుతుంది. పేరు రెస్క్యూ. పసుపు మీద ఎరుపు పరుచుకున్న చిన్న పండు, ఆగస్టు మధ్యకు పండుతుంది, క్రాబ్ అన్నమాటే గాని తియ్యగా ఉంటుంది. చెట్టునుంచి కోసి నేరుగా తినవచ్చు. కోశాక కొద్ది రోజులకే పిండిపిండిగా మారిపోవడం దాని లోపం. కానీ చలికి అదరదు, బెదరదు. సాండర్స్ పీటముడి ఇక్కడ మొదటిసారి కొంచెం సడలింది. పండు రుచి, చెట్టు ప్రాణం రెండూ ఒకేచోట కనబడ్డాయి. పరిమాణం ఒక్కటే మిగిలింది.

ఆ పరిమాణం ఎక్కడినుంచి తేవాలి? దానికోసం ఇంకో పాత కథలోకి వెళ్లాలి. 1811లో ఒంటారియోలోని డండెలా దగ్గర జాన్ మెకింటాష్ అడవి కొట్టి పొలం చేసుకుంటూ కొన్ని ఆపిల్ పిల్లమొక్కలు చూసి నరక్కుండా ఇంటి దగ్గరకు మార్చాడు. వాటిలో బతికిన ఒక్కటే మెకింటాష్ ఆపిల్‌కు మూలం. ఆయన కొడుకు ఆలన్ అంట్లు కట్టి ఊరూరా పంచాడు. 1894లో ఇల్లు తగలబడినప్పుడు మూలచెట్టుకు ఒకవైపు నిప్పంటుకుంది. ఇంకోవైపు 1908 దాకా కాసి, 1910లో అది నేలకొరిగింది. ఈలోగా 1898లో ఒట్టావా కేంద్రంలో మెకింటాష్ విత్తనాలు నాటారు. వాటిలోంచి 1909లో మెల్బా వచ్చింది. పండు పెద్దది, కండ తెల్లగా, వాసన మెకింటాష్‌దే, కాని ముందుగా పండుతుంది. ఇంత తక్కువ వేసవి ఉన్న చోట ముందుగా పండడం సగం బలం. మైదానాల్లో మెల్బా ఒంటరిగా బతకదు. దాన్ని రెస్క్యూతో కలిపితే?

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మైదానాల మూడు రాష్ట్రాల కేంద్రాలు విడివిడిగా తలలు బద్దలుకొట్టుకోవడం మాని ఉమ్మడిగా పండ్ల మొక్కల పెంపకం కార్యక్రమం నడిపాయి. ఒకచోట సంకరం చేస్తారు, పిల్లమొక్కలు వేర్వేరు చలిప్రాంతాల్లో నాటతారు. ఉత్తరాన 55వ అక్షాంశం మీదున్న బీవర్‌లాడ్జ్ దాకా. ఎక్కడ ఏది చస్తుందో రాసుకుంటారు, బతికినవాటిలోంచి రుచి చూసి ఏరుతారు. నవ్వొస్తుంది గాని, ఈ శాస్త్రంలో అసలు పరీక్షకుడు శీతాకాలమే, మనుషులు ఫలితాలు రాసుకునే గుమాస్తాలు. రెస్క్యూ, మెల్బాల జంట నుంచి ఈ పరీక్షలన్నీ దాటి 1979లో బయటికి వచ్చినవి రెండు: నార్లాండ్, పార్క్‌లాండ్.

నార్లాండ్ చెట్టు పొట్టిది, చేతికందేలా గుబురుగా పెరుగుతుంది. పండు ఆకుపచ్చ పసుపు మీద ఎర్రచారలు. ఆగస్టు మధ్యలోనే తయారు. మెల్బా అంత కాకపోయినా చెయ్యి నిండుతుంది, ఎవరూ దాన్ని క్రాబ్ అనరు. ఒకింత పచ్చిగా ఉండగానే కోసి చల్లటి చోట ఉంచితే రెండు నెలలకు పైగా నిలుస్తుంది. చెట్టుమీదే పూర్తిగా మాగనిస్తే మెత్తబడి రాలిపోతుంది. చలికి మైనస్ 40 గీత దగ్గర నిలబడుతుంది. 1887లో పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన సెంటీమీటరు పండు నాటి నుంచి లెక్కేస్తే, సస్కాచివాన్ పెరట్లో కొరికి తినే ఆపిల్‌కు 92 ఏళ్లు పట్టాయి.

ఆ మీదట కథ ఆగలేదు. అల్బెర్టాలోని బ్రూక్స్ కేంద్రం నుంచి సెప్టెంబర్ రూబీ వచ్చింది. దాని తల్లితండ్రుల్లో ఒకరు మిన్నెసోటా రకమైన హరల్సన్, మరొకరు మన రెస్క్యూ. సస్కటూన్‌లోని సస్కాచివాన్ విశ్వవిద్యాలయం ప్రెయిరీ సన్, ఆటమ్ డిలైట్ లాంటివి ఇచ్చింది. ఇవేవీ అంగడికి ఎక్కలేదు. రెజైనా సూపర్‌మార్కెట్లో అమ్మేది వాషింగ్టన్ రాష్ట్రం నుంచో బ్రిటిష్ కొలంబియా నుంచో వచ్చిన హనీక్రిస్ప్, గాలా రకాలే. ప్రెయిరీ ఆపిల్ చిన్నది, ఒత్తిడికి నల్లబడుతుంది, దూరం మోయలేరు. వ్యాపారం కొలబద్దతో చూసినవాళ్లు తొంభయ్యేళ్ల ప్రభుత్వ శ్రమ వృథా అన్నారు కూడా. అది తప్పు తూకం. సాండర్స్‌ను పంపింది అంగడిని నింపమని కాదు, పెరడును నింపమని. ఆ లెక్కన ఈ పని నూటికి నూరుపాళ్లు గెలిచింది. ఎంతగా గెలిచిందంటే ఇప్పుడు ఎడ్మంటన్ వీధుల్లో ఆగస్టు వచ్చిందంటే తినేవాళ్లు చాలక పండ్లు గడ్డిమీద రాలి కుళ్లుతున్నాయి. వాటిని కోసి పంచడానికే ‘ఆపరేషన్ ఫ్రూట్ రెస్క్యూ ఎడ్మంటన్’ అని స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది.

కాల్గరీ, ఎడ్మంటన్, సస్కటూన్, విన్నిపెగ్‌లలో ఉంటున్న తెలుగు పాఠకులకు ఒక మాట. మీరు కొన్న పాత ఇంటి పెరట్లో చిన్న ఎర్రపండ్ల చెట్టుంటే క్రాబేగదా అని కొట్టించకండి. ఈ ఏడు ఆగస్టు రెండో వారంలో ఒక పండు కోసి రుచి చూడండి. తియ్యగా ఉండి నాలుగు రోజుల్లో పిండిబారితే అది రెస్క్యూ కావచ్చు, పులుపుగా పచ్చగా ఉంటే హేయర్ 12 కావచ్చు, చారలుండి నిలవుంటే నార్లాండ్ కావచ్చు. ఏ రకమో తేల్చుకోలేకపోతే దగ్గరలోని ఉద్యాన సంఘంలో చూపించండి. పాత రకాలు గుర్తుపట్టే పెద్దవాళ్లు అక్కడ దొరుకుతారు.

(వచ్చే సంచికలో: చలే సరిగా లేని చోట కాసే ఆపిళ్లు)